రాయికి దారి గుర్తుండదు

నైతసిరి,
ఆగస్టు 14.

లౌటోకా రేవులో మూటలు మోస్తూ మమ్మల్ని మరిచిన మా బావ ఇలాయిసాకు,

నీ మేనమామ కొడుకు అపిసాయి నమస్కరించి వ్రాయునది. అందరమూ క్షేమమని మొదలుపెట్టడం మర్యాద. ఈసారి అది నిలుపలేను. మన తాత ఎమోసి ఆదివారం పోయాడు. శనివారం సమాధి చేస్తాం.

ఆ రోజు విందుకు, రాళ్ళు కాల్చి ఆ వేడిమీద దుంపలు ఉడికించే లోవో గుంట బాధ్యత నాన్న నాకు అప్పగించాడు. మీ అమ్మ ఏడుస్తూనే, డిబేట్లు గెలిచే నోటితో ఊది చేమదుంపలు ఉడికిస్తావుట్రా, రాళ్ళు పేర్చడం నా కొడుక్కే వచ్చు అంది.

నువ్వు ఊరు విడిచిన ఆ క్రిస్మస్‌నాడు లోవో గుంటలో రాయి పగిలి తాత కన్ను పోయింది. ఏటి రాయిలో నీరు దాగి ఉంటుందనీ, కాలితే ఆవిరై రాయిని బద్దలు కొడుతుందనీ మన ఊళ్ళో పసివాళ్ళకూ తెలుసు. కొండరాళ్ళు తేవలసింది నువ్వు; కాబట్టి తప్పు నీదే అన్నారు. యూనివర్సిటీలో వేడి గురించి చదివావు గానీ రాయి గురించి చదవలేదట్రా అని నాన్న గుంట దగ్గరే నిన్ను నిలదీశాడు. నువ్వు బదులు చెప్పక బస్సెక్కావు.

నా వాదన విను. వంద డిగ్రీల రాయిని చూసి దాని స్థితి చెప్పగలం. మంటలో కాలిందో, సుత్తిదెబ్బలకు వేడెక్కిందో చెప్పలేం. ఉష్ణమూ పనీ దారిని బట్టి మారతాయి. స్థితికి దారి గుర్తుండదు. మరి పోయిన కన్నును చూసి, అది పోయిన దారిని ఊరంతా ఎలా చదివింది? పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు. మనవాళ్ళు దాన్ని తీర్పు అన్నారు.

పెద్ద రాయికి ఉష్ణధారణ ఎక్కువ. మంట ఆరినా వేడి ఒక పట్టాన వదలదు. నాన్నా అంతే. అయినా నిన్న, రాళ్ళు పేర్చేవాడు వస్తాడా అని నన్నడిగాడు. నీ పేరు మాత్రం పలకలేకపోయాడు.

రాకుండా ఉండడానికి నీ దగ్గర వాదన ఉంటే ఎదురుగా నిలబడి చెప్పు. ఓడిస్తాను.

నీ బావమరిది,
అపిసాయి

తా.క. వాదనతోనే నిన్ను రప్పించాలనుకున్నాను, చేతకాలేదు. పోయేముందు తాత నాకూ నాన్నకూ నిజం చెప్పాడు. నువ్వు తెచ్చినవన్నీ కొండరాళ్ళే. ఒకటి తక్కువైందని ఏటి ఒడ్డు నుంచి తెచ్చి పెట్టింది ఆయనే. ఊరంతటికీ వండినవాణ్ణి, ఆ మాట ఒప్పుకోలేక మనవడి వెనక దాక్కున్నాను అన్నాడు. ఆయన చేతిలో ఆ తడి రాయిని నువ్వు చూశావట. చూసి తల తిప్పుకున్నావట. తన సమాధినాటి లోవో గుంటకు రాళ్ళు నువ్వే పేర్చాలని అడిగాడు.