నా బండికి మైల పట్టవద్దు

పోర్ట్ క్లాంగ్‌లో ఉంటున్న జయకుమార్ భార్య పుష్పవల్లి అనే నేను, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు కాబట్టి రద్దు చేయడానికి ఏమీ లేదు.

వచ్చే వారం నా గుండెకు ఆపరేషన్. లోపల ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదట. చాలామంది బాగానే లేచి ఇంటికి వెళతారని డాక్టరు చెప్పారు. నేనూ అలాగే అనుకుంటున్నాను. అయినా నా పేరు మీద ఒక ఆస్తి ఉంది. దాని సంగతి తేల్చకుండా ఆసుపత్రికి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

బటాంగ్ బెర్జుంటైలో తమిళ బడిలో ఆరో తరగతి వరకే చదివాను. తెలుగు రాయడం ఇక్కడి తెలుగు సంఘం వాళ్ల ఆదివారం తరగతిలో నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దవద్దు. అర్థమైతే చాలు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా తోడికోడలు భార్గవక్కకు ఇస్తున్నాను. ఆమె సైబర్‌జయలో ఉంటారు. ఆమె భర్త రాజన్ బావగారికి నా మీద కోపం ఉందని తెలిసే ఆమెను నియమిస్తున్నాను. అక్క ఏ కాగితం చదివినా మధ్యలో వాక్యం మింగరు. మా అత్తయ్య దేవుడమ్మను, నా భర్తను, బావగారిని ఒకే గదిలో కూర్చోబెట్టి దీన్ని గట్టిగా చదవాలి.

2. నా తాళి నా భర్త చేతికి ఇవ్వాలి. గాజులు మా అమ్మకు. నీలం పట్టుచీర అత్తయ్యకు. నేను అది కట్టినప్పుడల్లా ఆవిడ, ఇక్కడ అందరిలాగే మాట చివర లా తగిలించి, "ఆ రంగు నాకైతే ఇంకా బాగుణ్ణు లా" అనేవారు. నిజమే, ఆవిడకే బాగుంటుంది. మిగిలిన చీరలు ఎవరికి నచ్చినవి వాళ్లు తీసుకోవచ్చు.

3. నా ముఖ్యమైన ఆస్తి మోటారు సైకిలు. అమెరికాలో తయారైన పాత హార్లీ, దూర ప్రయాణాల బండి. ముందు పెద్ద అద్దం, వెనక రెండు పక్కలా గట్టి పెట్టెలు ఉంటాయి. అది నా భర్త కన్నా వయసులో పెద్దది. రబ్బరు తోట విడిచి వెళ్లిన ఒక ఇంజనీరు దాన్ని షెడ్డులో వదిలేస్తే, అక్కడ లారీ నడిపే మా మామయ్య వీరాస్వామి తెచ్చుకుని, ముక్కముక్కా విప్పి బాగుచేశారు.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఈ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడానికి నోరు వచ్చేది కాదు. వాకిలి ఊడ్చే వంకతో ఆ బండి దగ్గర నిలబడేదాన్ని. ఒకరోజు మామయ్య తల ఎత్తకుండానే, "ఊరికే నిలబడతావేటమ్మీ, ఆ టార్చి ఇలా పట్టు" అన్నారు. టార్చి పట్టాను. తర్వాత స్పానరు పట్టాను. ఆ బండి నట్లు అంగుళాల లెక్కవి. జపాన్ బండ్ల స్పానరు దానికి పట్టినట్టే ఉంటుంది, కానీ నట్టు మూలలు అరగదీస్తుంది. అందుకే అంగుళం స్పానర్ల డబ్బా వేరే ఉంది. అది బండితో పాటే ఉండాలి, ఎవరికీ అరువు ఇవ్వకూడదు.

మామయ్య బతికుండగానే బండిని నా పేరుకు మార్చారు. నేను అడగలేదు. ఆ రోజు బావగారు ఇదే వాకిట్లో, "కోడలి పేరున బండేటి నానా? ఆడగుంట మొయ్యగలదా లా అంత బరువు?" అన్నారు. "మొయ్యడానికి అది మూటేట్రా? నడపడానికి" అన్నారు మామయ్య. తర్వాత నా కాళ్లు నేలకు అందవని తేలింది. అయినా ఆయన పేరు మళ్లీ మార్చలేదు. బండి తమ్ముడి ఇంటికే దక్కిందని బావగారు అలిగారు. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు.

4. బండి పెట్టెల పాత మూతలు రెండు మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి. అవి రాజన్ బావగారికి ఇస్తున్నాను. బండి తన హాల్లో పెట్టి, నాన్న గుర్తుగా దండ వేసుకుంటానని ఆయన అత్తయ్యకు ఫోనులో చెబుతూ ఉంటారు. అది ప్రేమే, నేను కాదనను. కానీ బండికి దండ వేయకూడదు. మూతలు బాగా మెరుస్తాయి, వాటికి వేసుకోవచ్చు.

5. బండికి దండ ఎందుకు వద్దంటున్నానో బావగారికి తెలియదు. అప్పుడు ఆయన మా ఇంటికి రావడం లేదు. అందుకని రాస్తున్నాను.

మామయ్య పోయాక అత్తయ్య, "మీ మావ ముట్టిన బండి, ఏడాది తిరక్కుండా ఎవులూ ముట్టకూడదు" అన్నారు. అది మా వాళ్ల ఆచారం. పోయిన మనిషి వస్తువు సంవత్సరీకం దాకా కదపరు. ఆయన నింపిన పెట్రోలు కూడా తీయకూడదన్నారు. హ్యాండిల్‌కు దండ వేసి, పక్కన దీపం పెట్టి, గుడ్డ కప్పేశాం. అందులో తప్పు ఉందని మాలో ఎవరికీ తోచలేదు. ఆ ఏడాదంతా నా భర్త గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ పని ముగించుకుని వచ్చి, ఆ గుడ్డ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పిలిస్తేనే అన్నం తినేవారు.

సంవత్సరీకం అయ్యాక గుడ్డ తీశాం. పెట్రోలు జిగురైపోయింది, ట్యాంకు లోపల తుప్పు పట్టింది. ఈ బండి కదలకుండా ఉంటే దాని ఆయిల్ మెల్లగా ఇంజను అడుగుకు దిగిపోతుంది. అది మాకు తెలియదు. ట్యాంకు కడిగి, కార్బురేటరు శుభ్రం చేసి స్టార్టు చేయగానే, ఆ ఆయిల్ అంతా వాకిలి నిండా కక్కేసింది. తెల్లటి పొగ లేచింది. అత్తయ్య గుండెలు బాదుకుని, "మీ నానకి కోపమొచ్చినాది రా!" అన్నారు. నా భర్త, "కోపం కాదమ్మా, కడుపు నిండిపోయినాది లా" అని నవ్వారు. ఏడాది తర్వాత అదే ఆయన మొదటి నవ్వు.

6. బండిని నా భర్త జయకుమార్‌కు ఇస్తున్నాను. నేను పోతే దానికి మైల పట్టకూడదు. అత్తయ్య నన్ను క్షమించాలి. నాకు చేయవలసినవన్నీ మీ ఆచారం ప్రకారమే చేయండి, నేను అడ్డు చెప్పను. బండిని మాత్రం వదిలేయండి. నన్ను సాగనంపిన వారంలోనే దాన్ని స్టార్టు చేయాలి, ఆ తర్వాత వారం వారం చేస్తూ ఉండాలి. దాని పక్కన కుర్చీ వేయకూడదు.

ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. వెనక సీటు నా ఎత్తుకు తగ్గట్టు కోయించినది. ఆవిడకు సరిపోయేలా మార్పించాలి.

7. ఇది అన్నిటికన్నా ముఖ్యం. బండి వెనక బ్రేకు ఆయిల్‌తో పనిచేస్తుంది. మన తేమకు ఆ ఆయిల్ చెడిపోతుంది. కొత్తది పోసినప్పుడల్లా గొట్టంలో గాలి తీయాలి. అది ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు పెడలు తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి, గాలి పోగానే బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. అందుకని పని అయ్యేదాకా ఇద్దరూ పలుకుతూనే ఉండాలి. పెళ్లయి అన్నాళ్లయినా నేనూ నా భర్తా తిన్నారా, వెళ్లొస్తాను అన్నంత వరకే మాట్లాడుకునేవాళ్లం. ఆయన తొక్కుతూ "పట్టినాను" అని, నేను మర దగ్గర నుంచి "వదలండి" అని అరుచుకుంటూ ఉండగా మా ఇద్దరికీ మాటలు అలవాటయ్యాయి.

నా తర్వాత మర దగ్గర కూర్చోవడానికి రాజన్ బావగారిని నియమిస్తున్నాను. వేరే ఎవరూ ఆ పని చేయకూడదు, డబ్బిచ్చి మెకానిక్‌తో చేయించకూడదు. నేను పోయిన నెలలోనే మొదటిసారి జరగాలి. మూతలు ఆ పని అయ్యాకే భార్గవక్క ఆయనకు ఇవ్వాలి.

గాలి తీశాక, బ్రేకు పట్టిందో లేదో ఇద్దరి బరువుతో చూడాలి. కాబట్టి బావగారు వెనక కూర్చోవాలి. రోడ్డు చివరిదాకా వెళ్లి రండి. దారిలో ఏం మాట్లాడుకోవాలో నేను రాయను.

పోర్ట్ క్లాంగ్, 2025 మార్చి 9, ఆదివారం.

సంతకం: పుష్పవల్లి

ఆమె మా ఇద్దరి ఎదుట సంతకం చేసిందని, మేమూ ఆమె ఎదుటే చేశామని సాక్షులం:

అన్నమ్మ, పక్కింటి మనిషి

రామదాసు, స్పేర్ పార్టుల కొట్టు