మెరిసే బోల్టులు

చండ్రుగొండ,
ఆదివారం

పద్మా,

కారు పత్తిచేలోకి దూసుకెళ్లింది మెకానిక్ కోటేష్ పని సరిగా చేయకపోవడం వల్లేనని మీ నాన్న నీకు ఫోన్లో చెప్పాడు కదా. మీ నాన్న తెలియక చెప్పాడు. నేను తెలిసీ పక్కనే కూర్చుని విన్నాను.

తాతయ్య పాత ల్యాండ్‌మాస్టర్ కారు స్టీరింగ్ బాక్సుకు వేయమని నువ్వు తెచ్చిచ్చిన బోల్టులు నల్లగా, అలిగిన వియ్యపురాళ్లలా ఉన్నాయి. భద్రాచలంలో వాహన పూజకు బానెట్ ఎత్తి ఇంజిన్‌కు బొట్టు పెడతారు. నాతో పనిచేసిన టీచర్లంతా చూస్తారని, కొత్తగూడెంలో తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలువి కొన్నాను.

"టీచరమ్మా, పద్మ పాప గవి మార్చొద్దన్నది గదా," అన్నాడు కోటేష్.

"పాపకు పాఠాలు చెప్పింది నేనే. బిగించు."

ఆ స్టీలు తుప్పు పట్టదు కానీ అంత లాగుడుకు ఆగదు. నాకు తెలియక కాదు. ఫిజిక్సు చెప్పి పెన్షన్ తింటున్నదాన్ని. పూజ అయి తిరిగొస్తుంటే ములకలపల్లి దగ్గర గుంతలో పడగానే బోల్టులు తెగాయి. నాకు గీత కూడా పడలేదు. నడుపుతున్న కోటేష్ మణికట్టు విరిగింది. మీ నాన్న వచ్చి, "బోల్టు బిగించడం రానివాడికి షెడ్డెందుకురా" అని రోడ్డు మీద అందరి ముందూ తిట్టాడు. కోటేష్ నావైపు చూశాడు. నేను కొంగుకు అంటిన పత్తి దులుపుకున్నాను.

ఇప్పుడు వాడి షెడ్డుకు ఒక్క బండీ రావడం లేదట. రేపు వాళ్లుండే తండాకు వెళ్లి క్షమించమని అడుగుతాను. మీ నాన్నకు మాత్రం చెప్పకు. కొడుకు ముందు తల దించుకోవడం నా వల్ల కాదు.

నాయనమ్మ,
ప్రమీలారాణి


మంగళవారం

పద్మా తల్లీ,

నిన్న తండాకు వెళ్లాను. కోటేష్ తల్లి పూలి చాయ్ ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నది.

"మాకు ఎరుకే గదా టీచరమ్మా. తిట్టింది రోడ్డు మీద. ఈడ ఇననీకి మేకలే ఉన్నయ్."

"ఏం చేయమంటావు?"

"నేనేంది చెప్పేది. చదువుకున్నోళ్లు మీరు."

ఇంత పదునైన నాలుక నా ఒక్కదానికే ఉందనుకునేదాన్ని.

ఈ పొద్దున మీ నాన్నను వెంటబెట్టుకుని కోటేష్ షెడ్డుకు వెళ్లాను. ఎదురుగా టీకొట్టు నిండా జనం. బడిలోలా గొంతెత్తి, కోటేష్ వద్దన్నా బోల్టులు మార్పించింది నేనేనని చెప్పాను. అంత నిశ్శబ్దం నా క్లాసులో ఏనాడూ లేదు. మీ నాన్న కోటేష్ దగ్గరికెళ్లి ఏదో అన్నాడు. ఏమిటని నేను అడగలేదు.

కోటేష్ కట్టు లేని చేత్తో స్టూలు నావైపు జరిపి, "కూసోండ్రి టీచరమ్మా," అన్నాడు.

కూర్చోలేకపోయాను. అక్కడున్నంతసేపూ నిలబడే ఉన్నాను.

నీ నాయనమ్మ