ముద్ర పడని వేళ్లు

ఫిబ్రవరి 6
ఉదయం మంచు. గిన్నెలు కడిగి వీసా ఆఫీసుకి వెళ్లాను. వేలిముద్రలు పడలేదు. కౌంటర్లో అమ్మాయి స్కానర్ అద్దం తుడిచి మళ్లీ పెట్టమంది. మళ్లీ తుడిచింది. చివరికి నా అరచేతులు తిప్పి చూసి ఏం పని చేస్తారని అడిగింది. ఫ్లోర్ టైల్స్ వేస్తానన్నాను. సిమెంటు తినేసిందండీ, కొన్నాళ్లు దాని జోలికి పోకండి, కొత్త చర్మం వస్తుంది అంది. 20న మళ్లీ రమ్మంది. అదే ఆఖరి అవకాశమట. ముద్రలు లేనిదే ఎక్స్‌టెన్షన్ అప్లికేషన్ కదలదు. వీసా ఈ నెలాఖరు వరకే. పాప పదో తరగతి పరీక్షలు మార్చిలో.
ఖర్చు: బస్సు, కొబ్బరినూనె.

ఫిబ్రవరి 7
మా ఆవిడ గిన్నెలు ముట్టుకోనివ్వలేదు. ఇన్నేళ్లకి మళ్లీ పెళ్లికొడుకు వైభోగం పట్టింది, కూర్చో అంది. వేళ్లకి నూనె రాసింది. పాప, నీకు ముద్రలే లేవుగా నాన్నా, ఏ బ్యాంకో దోచెయ్, ఎవరూ పట్టుకోలేరు అంది. వాళ్లమ్మ నవ్వలేదు.

ఫిబ్రవరి 9
చినుకులు. మేస్త్రీకి చెప్పాను. వేళ్లు దాచుకోవడానికా నీకు జీతం అన్నాడు. నాకు ఉద్యోగం ఉందని లెటర్ ఇచ్చేది ఆయనే, ఎదురు చెప్పలేను. నాతో పనిచేసే పొడుగోడు అడ్డుపడ్డాడు. సిమెంటు పని తను చూసుకుంటాడట. నేను గ్లౌజులు వేసుకుని కొలిచి, టైల్స్ కోసి అందిస్తే చాలట. మేస్త్రీ గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి 12
వాన. నూనె. రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 15
కుడి చూపుడువేలి మీద సన్నగా గీతలు తేలాయి. పాప ఫోన్ లైటు వేసి చూసి, నదుల మ్యాప్‌లా ఉంది అంది. ముగ్గురం వంతులవారీగా చూశాం.

ఫిబ్రవరి 17
పొడుగోడు వేసిన బాత్‌రూమ్‌లో బకెట్ నీళ్లు పోసి చూశాం. నీళ్లు తూము జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలిచాయి. ఆ ఇంటి యజమాని రేపు చూసుకోవడానికి వస్తాడు. సాయంత్రానికి సరిచేయకపోతే రేపట్నుంచి రావద్దని మేస్త్రీ పొడుగోడితో అన్నాడు. వాడు నా వైపు చూడనైనా లేదు. టైల్స్ లేపి మళ్లీ వాలు పట్టాలి. పక్కపక్క అంచులు కలిశాయో లేదో వేలికొసకే తెలుస్తుంది, గ్లౌజుకి తెలియదు. తీసేశాను.
ఇంట్లో చేతులు దాచుకుని కూర్చున్నాను. అన్నానికి చేయి బయటపెట్టక తప్పలేదు. సిమెంటు మళ్లీ తినేసిన వేళ్లు మా ఆవిడ చూసింది. జరిగింది చెప్పాను. పొడుగోడికి పెళ్లాం పిల్లలున్నారు, నిజమే, మాకెవరున్నారు అంది. నూనె సీసా నా ముందు ఠక్కున పెట్టి వెళ్లింది.

ఫిబ్రవరి 20
ఎండ. బయల్దేరేముందు మా ఆవిడ వేళ్లకి నూనె దట్టంగా పట్టించింది. అదే కొంప ముంచింది. స్కానర్ మీద వేళ్లు జారిపోయాయి. తెర మీద నల్లటి మరకలు. అదే అమ్మాయి. ఇదేంటండీ, వేళ్లు వేయించుకొచ్చారా అంది. సబ్బుతో కడుక్కుని మధ్యాహ్నం రమ్మంది. బయట బెంచీ మీద మా ఆవిడ ఒక్కో వేలూ కొంగుతో ఒత్తి తుడిచింది.
మధ్యాహ్నం అన్నీ పడ్డాయి, ఆ చూపుడువేలు తప్ప. అమ్మాయి తన వేలితో నా వేలిని అదిమి చూసింది. లాభం లేకపోయింది. కారణం రాసి పంపుతాను, ఆపైన పెద్దవాళ్ల ఇష్టం అంది.

ఫిబ్రవరి 24
జవాబు లేదు. వెళ్లిపోవాల్సి వస్తే ఈ పుస్తకాలు తీసుకెళ్లనిస్తారా అని పాప అడిగింది. బరువు కదమ్మా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 27
మా ఆవిడ మంచం కింది పెట్టె లాగి తుడిచింది. లోపల ఏమీ సర్దలేదు.

ఫిబ్రవరి 28
మబ్బు. పని నుంచి వచ్చేసరికి మెసేజ్ వచ్చి ఉంది. పాప చదివింది. మళ్లీ చదవమన్నాను. వీసా రెండేళ్లు పొడిగించారు. వాళ్లమ్మ పెట్టెని కాలితో మంచం కిందకి తోసేసింది. పెళ్లికొడుకు వైభోగం ఇవాళ్టితో సరి, సింకులో గిన్నెలున్నాయి అని పిలుస్తోంది. లేచి వెళ్తున్నాను.