పిండిపెట్టె కనిపెట్టిందెవరన్న విషయమై

కాన్‌బెర్రా, గంగాలిన్ నివాసి, రిటైర్డ్ ఇంజనీరు, డెబ్బై మూడేళ్ళ ఉమామహేశ్వరరావు అనే నేను, వచ్చే మంగళవారం గుండెకు ఆపరేషన్ ఉన్నందున, బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. బుద్ధి సంగతి నా భార్య వసుంధరకు అనుమానమే గానీ డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇంతకుముందు రాసిన కాగితాలేవీ ఇకమీదట చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయి చైత్రది.

1. ఇల్లు, కారు, బ్యాంకులో ఉన్నది యావత్తూ వసుంధరకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఇందులో చర్చ లేదు.

2. గరాజీలో ఉన్న పిండిపెట్టె. మా ఊరి చలికి ఇడ్లీ పిండి ఒక పట్టాన పులవదు. ఓవెన్‌లో లైటు వేసి పెడితే ఒకరోజు అలాగే పడుంటుంది, ఇంకోరోజు పొంగి ఓవెనంతా పాకుతుంది. ఈ పెట్టెలో సన్నటి వేడి ఉంటుంది. పిండి మీద చిన్న స్టీలు పళ్ళెం తేలుతుంటుంది. పిండి పొంగి పళ్ళెం పైకి లేచి స్విచ్ నొక్కగానే వేడి ఆగిపోతుంది. దీనికి పేటెంటు దరఖాస్తు సిద్ధమవుతోంది. ఆ హక్కు ఎవరిదో ఆరో ఖండికలో చెబుతాను. ఈలోగా కొంచెం ధైర్యం కూడగట్టుకోవాలి.

3. టార్నీట్‌లో ఉంటున్న మా అబ్బాయి భార్గవ్‌కు నేను తయారుచేసి పాడుచేసిన పాత పెట్టెలు మూడూ చెందుతాయి. పాట్‌లక్ విందుకు ఎవరేం వండి తేవాలో పంచిపెట్టే వాడి యాప్‌కు కూడా పేటెంటు వస్తుందని వాడి ఆశ. మనుషులు ఎప్పటినుంచో చేసుకునే ఏర్పాటును కంప్యూటర్లో పెట్టినంత మాత్రాన రాదని పేటెంటు అటార్నీ గారు చెప్పారు. "దట్స్ సో అన్‌ఫెయిర్, నాన్నా" అన్నాడు వాడు. నేను చేసిన చట్టమైనట్టు నెల్లాళ్ళు నాకు ఫోను చెయ్యలేదు.

4. చైత్రకు నా సోల్డరింగ్ ఐరన్. ఆరేళ్ళప్పుడు ముట్టుకుందని దాన్ని గట్టిగా కసిరాను. పిల్ల ఏడ్చింది. అది ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. వాళ్ళమ్మ పొడుల కొలతల పుస్తకం కూడా అడిగింది గానీ అది నాది కాదు. కందిపొడికి పేటెంటు రాదట. తెలిసిన దినుసులు కలిపితే తెలిసిన రుచే వచ్చిందనుకోండి, అది ఆవిష్కరణ కాదట. అటార్నీ గారికి ఒక సీసా ఇచ్చి వచ్చాను. మర్నాడే ఇంకో సీసా అడిగారు, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

5. శేషాద్రి విషయం. పేటెంటు రావాలంటే వస్తువు కొత్తదై ఉండాలి, ముందే నలుగురికీ చూపించేస్తే ఆ కొత్తదనం పోతుంది. మనవాళ్ళం ఏం చేసినా ముందు తెలుగు అసోసియేషన్ స్టేజీ ఎక్కించాలి కదా! నిరుడు ఏప్రిల్ అయిదున ఉగాది వేడుకలో రెండొందలమంది ముందు నేనూ పెట్టె మూత తీసి, స్లైడులు వేసి, భోజనాలు గంట ఆలస్యం చేశాను. తన గుట్టు తానే బయటపెట్టుకున్నవాడికి ఇక్కడి చట్టం ఏడాది గడువిస్తుంది. వచ్చే ఏప్రిల్ అయిదులోగా దరఖాస్తు పడకపోతే అంతా గంగపాలే.

ఆరోజు ముందు వరసలోంచి నా స్నేహితుడు శేషాద్రి లేచి, "గురువుగారూ, మా ఇంట్లో ఓవెన్ లైటే వేస్తాం గదా, ఇందులో కొత్తేముంది?" అన్నాడు. హాలంతా నవ్వింది. పది నెలలుగా మా మధ్య మాటల్లేవు. అటార్నీ గారు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. శేషాద్రికి నా కాఫీ ఫిల్టరు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాళ్ళకు ఏమీ రాయకపోవడం మంచిదని చైత్ర అంది. అందుకని ఏమీ ఇవ్వకుండా సంతకానికి పిలిచాను. వచ్చాడు.

6. కొత్తదైతేనే చాలదు. ఆ రంగంలో పనితెలిసిన మనిషికి ఇట్టే తట్టేదై ఉండకూడదు. తట్టదని రుజువేమిటన్నారు అటార్నీ గారు. రుజువు నేనే. నలభై ఏళ్ళ ఇంజనీరుని. మూడు చలికాలాలు టైమర్లూ థర్మోస్టాట్లూ బిగించినా పిండి నా మాట వినలేదు. నాలుగో ఏడు వసుంధర గిన్నె తోముతూ, "పొంగితే పళ్ళెం లేస్తుంది గదండీ, ఆ స్విచ్చేదో దాన్నే నొక్కమనండి" అంది. అదంత తేలిక కాదని చెప్పి గరాజీలోకి వెళ్ళి, సాయంత్రానికి అదే చేశాను.

స్టేజీ మీద మాత్రం నేనే కనిపెట్టానన్నాను. అప్పుడామె వెనక వంటగదిలో పులిహోర కలుపుతోంది. దరఖాస్తులోనూ ఆవిష్కర్త అన్నచోట నా పేరే రాశాను. పేరు తప్పయితే పేటెంటు కోర్టులో నిలవకపోవచ్చన్నారు. అది చట్టం సంగతి. నాకు సిగ్గేస్తోంది, అది నా సంగతి. ఆవిష్కర్త వసుంధర. నేను వైర్లు బిగించినవాణ్ణి. ఈ హక్కు నేను ఆమెకు ఇస్తున్నది కాదు, మొదటినుంచీ ఆమెదే.

7. పై ఖండిక నా తదనంతరం తెలియవలసినది. కానీ నాకు తెలుగు టైపింగ్ రాదు. ఈ ఇంట్లో అది వచ్చినది వసుంధర ఒక్కతే. నేను చెబుతుంటే మొదటినుంచీ ఆమే టైపు చేసింది. ఆరోది పూర్తవగానే చేతులు ఆపి, కళ్ళు తుడుచుకుని, "మీరు పోయాక నాకెందుకండీ ఈ మాట? బతికొచ్చి, అదే మైకులో చెప్పండి" అంది.

దరఖాస్తులో పేరు ఇప్పుడే మార్పించాను. మైకు పని మిగిలింది. కాబట్టి డాక్టర్లు తమ పని శ్రద్ధగా చేయవలసిందిగానూ, ఈ వీలునామా ఇంకొన్నేళ్ళు బీరువాలోనే ఉండవలసిందిగానూ కోరుతున్నాను.

14 ఫిబ్రవరి 2026, శనివారం, గంగాలిన్.

ఉమామహేశ్వరరావు, సంతకం

మా ఇద్దరి ఎదుటా, మా కళ్ళముందే సంతకం చేశారు:
1. శేషాద్రి
2. ఉదయలక్ష్మి, ఎదురింటి డాక్టరు