కారణం కాదు, సాకు

రజియా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది.

చికిత్సకు సెలవు అడిగావని మన మారేడ్‌పల్లి బడిలో టీచరు ఉద్యోగం నుంచి నిన్ను తీసేశారు. కాగితం మీద మాత్రం 'పిల్లలు తగ్గారు' అని రాశారు. హెడ్మిస్ట్రెస్‌గా దాని మీద సంతకం పెట్టింది నేనే. "ఇది కారణం కాదక్కా, సాకు" అన్నావు. నేను తల ఎత్తలేదు.

ఇవాళ పొద్దున బడి యాజమాన్యం సెక్రటరీ గారు అలాంటి కాగితమే మళ్లీ నా ముందు పెట్టారు. ఈసారి ఆయా యాదమ్మ వంతు. తాగునీళ్ల ట్యాంకులో పురుగులున్నాయని పిల్లల తల్లులకు ఆమె చెప్పింది. కాగితంలో మాత్రం 'పిల్లలను కొట్టినందుకు' అని ఉంది. యాదమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఈమె ఎవరిని కొట్టింది సార్?" అని అడిగాను.

"ఏదో ఒకటి రాయాలె గద మేడమ్. జెర జల్దీ సంతకం పెట్టుండ్రి."

"ఇది సాకు సార్."

"గట్లనే అనుకోండ్రి. మీ నౌకరీ సుత ఉన్నది, యాది పెట్టుకోండ్రి."

అయినా కాగితంలోని ఆ అబద్ధం కొట్టేసి, పైన 'నీళ్లలో పురుగులున్నాయని చెప్పినందుకు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నా ఉద్యోగం ఉంటుందో లేదో రేపు తెలుస్తుంది.

"గిప్పుడు ఏం జెయ్యాలె మేడమ్?" అంది యాదమ్మ.

"ముందు ఆ నల్లాలు బంద్ చెయ్యి. పిల్లలు తాగొద్దు."

తర్వాత ఇద్దరం మేడ మీదికి వెళ్లి ట్యాంకు మూత తీశాం. పురుగులున్నాయి. ఇన్నేళ్లలో ఆ మూత తీసి చూడటం నాకు ఇదే మొదటిసారి, రజియా.