కొంగు లేని చీర

22 మార్చి 2020, ఆదివారం

హాస్టల్ ఖాళీ చేయించి ఇంటికి పంపారు. సాయంత్రం నారాయణపేటలో మా గల్లీ అంతా పళ్లేలు మోగించింది. అమ్మ కూడా మోగించింది, కానీ తలుపు చాటున నిలబడి. బయటికి రమ్మంటే రాలేదు.

25 మార్చి

పక్కింటి హనుమమ్మ గోడ మీదుగా అడిగింది, మీ అమ్మది ఏ దేశమే పోరీ, అని. నేపాల్ అన్నాను. చిన్నప్పటి నుంచీ చెప్తున్న మాటే. ఈసారి ఆమె నమ్మినట్టు లేదు.

లాక్‌డౌన్‌కు ముందే అమ్మ బ్యూటీ పార్లర్‌కు జనం రావడం మానేశారు. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, పొద్దస్తమానం టీవీ ముందే. చైనోళ్ల నోట్లె మన్నువడ, అని తిట్టిపోస్తోంది. అమ్మ తలొంచుకుని ఆమె పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

29 మార్చి

నేపాల్ కాదట!

డిగ్రీకొచ్చాక చెప్తారా నాకు? అమ్మవాళ్లు చైనీస్. తాత అస్సాంలో పుట్టాడు. అరవై రెండులో చైనాతో యుద్ధమప్పుడు చిన్న పిల్లాడని కూడా చూడకుండా ఇంటిల్లిపాదినీ రైలెక్కించి రాజస్థాన్ క్యాంపులో పెట్టారట. విడిచిపెట్టాక హైదరాబాద్ వచ్చి, పెద్దయ్యాక చెప్పుల షాపు పెట్టుకున్నాడు. అమ్మ పేరు మొయ్‌ఫా. స్వర్ణలత అనేది పెళ్లిలో అవ్వ పెట్టిన పేరు. అవ్వ ఒప్పుకోదని బాపే నేపాల్ అని అబద్ధం ఆడాడు. బాపు మీద ఒళ్లు మండిపోయింది.

మొయ్‌ఫా. నాకు నోరు తిరగలేదు. అమ్మ నవ్వింది. తర్వాత, అవ్వకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనియ్యదు బిడ్డా, అంది.

1 ఏప్రిల్

అమ్మవాళ్లలో చనిపోయినవాళ్ల సమాధులు శుభ్రం చేసి, వాళ్లకు భోజనం పెట్టే రోజు ఏప్రిల్ మొదట్లో వస్తుందట. పార్లర్ సామాను అంటూ అమ్మ ఏటా హైదరాబాద్‌లో తాత, అమ్మమ్మల సమాధుల దగ్గరికి పోయేది అందుకే. ఇప్పుడు బస్సుల్లేవు, ఇంట్లోనే చేస్తానంటోంది. కాగితంతో బట్టలు చేసి కాలిస్తే వాళ్లకు చేరతాయట.

మగ్గం మీద చీర నేస్తున్న బాపు వద్దే వద్దన్నాడు. జర ఆగు, గీ ఒక్క ఏడు పోనియ్యి, అని బతిమాలాడు. ఎన్నడూ ఎదురు చెప్పని అమ్మ, మా అమ్మ నాకోసం చూస్తది, అంది.

3 ఏప్రిల్

టెన్షన్. కాగితాలు అవ్వ కంట పడకుండా మంచం కింద దాచాను.

4 ఏప్రిల్, మధ్యాహ్నం

అవ్వ కునుకు తీస్తుంటే పెరట్లో మొదలుపెట్టాం. ఉడికించిన కోడి, మూడు కప్పుల టీ, బత్తాయిలు, ఊదుబత్తులు. తాతకు కాగితం చొక్కా. అమ్మమ్మకు నీలం చీర, పసుపు అంచు. ఆమె జన్మలో చీర కట్టలేదట. కానీ అమ్మ పెళ్లిచీరను ఒళ్లో పెట్టుకుని తడుముతూ కూర్చుందట. అందుకే ఏటా చీర.

అగ్గిపుల్ల తీశాను. వెనక అవ్వ.

ఎవరికి పెడ్తున్నరే గిది, అంది. నేపాల్లో ఇట్లా, అని నేను మొదలుపెట్టానో లేదో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా అమ్మకు, మా నాయినకు అత్తమ్మా, మేం నేపాలోళ్లం కాదు, చైనోళ్లం, అని చెప్పేసింది. బాపు లోపల మగ్గం గుంతలోంచి లేవనే లేదు, పిరికి మనిషి.

అవ్వ వంగి కాగితం చీర తీసుకుంది. చింపేస్తుందనుకున్నాను. అటూ ఇటూ తిప్పింది. కొంగేది, అంది. కొంగు లేని చీర పంపుతవా మీ అమ్మకు, నారాయణపేట కోడలివేనా నువ్వు, నా ఇజ్జత్ తీస్తివి గదనే, అని అందుకుంది. పెత్రమాసకు నేను సచ్చిపోయిన మావోళ్లకు పెడ్తలేనా, ఇన్నేండ్లు దొంగలెక్క పెట్టుకున్నవా, అని ఇంకా తిట్టింది. తిడుతూనే కూర్చుని ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ అతికించి కొంగు తయారుచేసింది. నేను పోతే నాకు చిలకపచ్చది పంపు, యాది మరువకు, అంది.

అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

6 ఏప్రిల్

అవ్వ టీవీని తిట్టడం మానలేదు. కాకపోతే ముందు అమ్మ వైపు తిరిగి, నిన్ను గాదే, అంటోంది.

19 ఆగస్టు

అవ్వకు జ్వరం. ఆయాసం. దవాఖానలో చేర్చారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

23 ఆగస్టు

అవ్వను సంచిలో చుట్టి, జిప్పు వేసి, దూరం నుంచి చూపించారు. ఒంటి మీద కప్పడానికి బాపు మగ్గం మీది నుంచి కొత్త చీర కోసి తెచ్చాడు. దగ్గరికి పోనివ్వలేదు. చీర అట్లాగే ఇంటికి తెచ్చాడు.

4 ఏప్రిల్ 2021

చిలకపచ్చ కాగితం దొరికింది. కొంగు బాపు వేశాడు.

పొగ గోడ దాటింది. ఏం కాలుస్తున్నరే, అని హనుమమ్మ కేకేసింది.

మా అవ్వకు చీర, అన్నాను.