ఛాసీకి రంగు వేసే ముందు

మామయ్యగారూ,

రంగు డబ్బా కోసం వెతకకండి, నాతో పాటు పితేష్తి ఊరికి తీసుకెళ్తున్నాను. జీపు ఛాసీకి గాలి మిషనుతో ఇసుక కొట్టి తుప్పు వదిలించడానికి మెకానిక్ గెలు మధ్యాహ్నం వస్తాడు. ఆలోగా గ్రీజంతా థిన్నరు గుడ్డతో తుడవండి. బోల్టు రంధ్రాల్లో పాత బోల్టులు బిగించండి, లేకపోతే ఇసుక దెబ్బకి లోపలి మరలు అరిగిపోతాయి. నంబరు కొట్టిన చోట మందంగా టేపు అంటించండి. గెలుకి సారా పని అయ్యాకే పోయండి.

నిన్న మీరు "తుప్పు మీదే రెండు పూతలు లాగిద్దాం అమ్మాయ్, నేను పోయేదాకా తిరిగితే చాలు" అంటుండగానే నా సుత్తి ఛాసీలోకి దిగిపోయింది. చూశారుగా! ఆ కుళ్లిన ముక్క కోసేసి రేపు ఇద్దరం కొత్త రేకు అతుకుదాం. అయినా ఆ "పోయేదాకా" మాటేమిటి? మీరు నాకు డ్రైవింగు నేర్పింది ఈ జీపులోనే. నేను ముసలిదాన్నయ్యాక కూడా ఇది తిరగాలి, మీరు పక్కన కూర్చుని గేరు సరిగా వెయ్యమని నన్ను తిట్టాలి.

పొయ్యి మీద కైమా కూరిన క్యాబేజీ చుట్టలున్నాయి. వేడి చేసుకునే తినండి.

ఇలీంకా

అన్నట్టు, వెనక అడ్డపట్టీ గీకుతుంటే పాత రంగు కింద వెల్డింగుతో రాసిన "వియోరికా" అని అత్తయ్య పేరు బయటపడింది. అది మీ చేతిరాతే. "ఆయనకి నాకంటే జీపే ఎక్కువ" అని అత్తయ్య పెళ్లైనప్పటి నుంచీ అంటూనే ఉంది, మీరు వింటూనే ఉన్నారు! ఆవిడకి నేనేమీ చెప్పలేదు. సంత నుంచి రాగానే చెయ్యి పట్టుకుని షెడ్డులోకి మీరే తీసుకెళ్లండి.